నేలక్రింద పూటకూళ్ళ యిల్లు

హ్యూస్టన్ మహానగరం నడిబొడ్డున, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలవేళ, వీధిలో పట్టుమని పదిమంది మనుషులు కనిపించరంటే మీరు నమ్మకపోవచ్చు. మొదటిరోజున నేనూ నమ్మలేదు. తలెత్తితే మెడ పట్టేసేటంత ఎత్తు మేడలు. ఒక్కొక్క మేడలో వేలకొద్దీ గుమాస్తాలు, ఇంజనీర్లు, ప్లీడర్లు, చమురు కంపెనీల లెక్కలవాళ్ళు. తల దించితే నిప్పులు చెరుగుతున్న సిమెంటు బాట. దానిమీద నేనూ, నా గొడుగూ. ఇంత జనమూ మధ్యాహ్నం పూట ఎక్కడ తింటారు, ఏం తింటారు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. ఊరు ఏదైనా సరే, భోజనం వేళకు జనం ఎటు పోతున్నారో చూస్తే ఆ ఊరి గుట్టు సగం తెలుస్తుందని నా నమ్మకం.

"పైన వెతికితే ఎలా కనిపిస్తారు నాన్నా? అందరూ క్రింద వున్నారు" అని నవ్వింది మా అమ్మాయి.

క్రింద అంటే అక్షరాలా క్రిందే. ఆ ఊళ్ళో నేలకు సుమారు 20 అడుగుల లోతున సొరంగాలు వున్నవి. ఒక మేడ అడుగునుంచి మరొక మేడ అడుగుకు, అక్కడనుంచి ఇంకొకదానికి, అన్నీ కలిపితే 6 మైళ్ళ పైచిలుకు. టెక్సాస్‌కు గవర్నరుగా చేసిన రాస్ స్టెర్లింగ్ అనే పెద్దమనిషి 1930 ప్రాంతాలలో తన భవనాలు రెండింటిని నేలక్రిందనుంచి కలుపుకున్నాడట. దాన్ని చూసి తక్కినవాళ్ళూ ఎవరి మేడక్రింద వారు తవ్వుకుంటూ పోయారు. చాలావరకు ప్రైవేటు ఆస్తే. ఒకరు కూర్చుని ప్లాను గీసి కట్టినది కాదు గనుక దానికి తీరూ తెన్నూ లేదు. అచ్చంగా చీమలపుట్ట. పైన ఎండ మండిపోనీ, వాన కుండపోతగా కురవనీ, లోపలివాళ్ళకు చీమ కుట్టినట్టయినా వుండదు. చల్లగా, దీపాల వెలుగులో, టైలు కట్టుకున్నవాళ్ళు వాగులా పారుతూ వుంటారు. బూట్లకు పాలిష్ పెట్టేవాడు, మంగలి, మందుల కొట్టు, కళ్ళజోళ్ళ దుకాణం అన్నీ అక్కడే. అన్నిటికన్న ఎక్కువ తిండి దుకాణాలు. సోమవారం పొద్దున తలుపులు తీస్తారు, శుక్రవారం సాయంత్రం మూస్తారు. శని, ఆదివారాల్లో అక్కడ పిల్లి కూడా తిరగదు.

మా అమ్మాయి ఆఫీసు మంగళ, బుధ, గురువారాల్లో మాత్రమే. తక్కిన రోజులు ఇంట్లోనే కంప్యూటరు ముందు. ఆ మూడు రోజులూ నేను కూడా కారులో వెంటపడేవాణ్ణి. మేడ అడుగు అంతస్తు హాలులో మెత్తటి సోఫాలు వున్నవి. పుస్తకం పట్టుకు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. మధ్యాహ్నం అమ్మాయి దిగి వస్తుంది. ఆమెకు దొరికే విరామం అరగంట. ఆ అరగంటలో ఇద్దరం క్రిందికి దిగి, తిని, మళ్ళీ పైకి రావాలి. ఇంట్లో ఒకే కప్పు క్రింద వున్నా నాకు దొరకని అమ్మాయి ఆ అరగంటా నాకు దొరికేది. అందుకని ఆ భోజనమంటే నాకు మహా ఇష్టం. కడుపు సంగతి తరువాత.

మేము వెళ్ళేది ఒక వియత్నాం-థాయ్ దుకాణానికి. హోటలు అనడానికి నోరు రాదు. రెండు దుకాణాల నడుమ ఇరుకుపాటి సందులాంటి గది. ముందు గాజు పలక బిగించిన బల్ల, వెనుక పొయ్యిలు, పక్కన ఎనిమిది చిన్నబల్లలు. గోడమీద బొమ్మల పట్టీ. ఎడమపక్క వియత్నాం వంటకాలు, కుడిపక్క థాయ్ వంటకాలు. ఏది తీసుకున్నా 11 నుంచి 13 డాలర్ల లోపే. మన రూపాయలలోకి మార్చి చూడవద్దని అమ్మాయి నాకు ఒట్టు పెట్టించింది గాని, మొదటిరోజున చాటుగా లెక్క వేసుకున్నాను. వెయ్యి దాటింది! గుండె గుభేలుమంది. పైన వీధిలో, తెల్లగుడ్డ పరిచిన హోటల్లో కూర్చుంటే ఇంతకు రెట్టింపవుతుందనీ, వడ్డించినవాడికి బక్షీసు అదనమనీ తెలిశాక కాస్త స్తిమితపడ్డాను.

ఆ దుకాణం యజమానురాలు ఒక వియత్నాం ఆవిడ. అరవై దాటిన మనిషి. పొట్టి, సన్నం, జుట్టుకు వల కట్టుకుని వుంటుంది. పన్నెండుకు పది నిమిషాల ముందు చూస్తే గదిలో నలుగురు కూడా వుండరు. పన్నెండయ్యేసరికి వరుస బయటికి పోయి మలుపు తిరుగుతుంది. ఆవిడ డబ్బు తీసుకుంటుంది, నంబరు చీటీ చేతికిస్తుంది, వెనక్కి తిరక్కుండానే వంటవాళ్ళకు కేక వేస్తుంది. చీటీ పుచ్చుకున్న నాలుగైదు నిమిషాలకు గిన్నె చేతిలో వుంటుంది. ఒకటిన్నరకు వరుస పల్చబడుతుంది. రెండున్నరకు బల్లలు తుడిచేస్తారు. సంవత్సరం పొడుగునా అద్దె, జీతాలు, కరెంటు, పన్నులు అన్నీ రోజుకు ఆ రెండు మూడు గంటల్లోనే గిట్టుబాటు కావాలి. పెళ్ళివారి పంక్తి ప్రతిరోజూ నడిపినట్టే!

మొదట్లో నేను తిన్నది "వెజిటబుల్ పాడ్ థాయ్". బియ్యప్పిండి సేమియాను వెడల్పుగా చేసి, చింతపండు పులుసు, బెల్లంలాంటి తీపి, వేరుసెనగ పొడి వేసి వేయించినది. గుడ్డు వద్దని చెప్పాము. నాలుకమీద పెట్టగానే ప్రాణం లేచివచ్చింది. పులిహోరకు దూరపు బంధువు! ఉప్పు, పులుపు, తీపి ఇంత పొందికగా కుదిరిన వంటకం ఈ దేశంలో నేను అంతకు ముందు తినలేదు. వరసగా మూడు రోజులు అదే తిన్నాను. మూడోరోజున, ఆఖరి ముద్ద నోట్లో వుండగా, అమ్మాయి ఆఫీసు స్నేహితురాలొకతె మా బల్లదగ్గర కూర్చుని, "మీరు చేపల నీళ్ళు తింటారా అంకుల్?" అని అడిగింది.

మా యింట్లో నీచు ముట్టం. మా తాతల నాటినుంచీ అంతే. నోట్లో ముద్ద మింగాలో వుమ్మాలో తెలియని స్థితి పగవాడికి కూడా వద్దు.

తప్పు ఎవరిదీ కాదు. కూరగాయలు వేస్తారా అని అడిగాము, వేస్తామన్నారు, వేశారు. ఉప్పు బదులు ఏం వేస్తారని మేము అడగలేదు. వియత్నాంలో నూక్ మామ్ అనీ, థాయిలాండులో నామ్ ప్లా అనీ అంటారు దాన్ని. చిన్నచిన్న సముద్రపు చేపలనూ ఉప్పునూ పెద్ద తొట్లలో కలిపి, దాదాపు యేడాది మాగబెట్టి, దిగిన తేటను వడగడతారు. వియత్నాంలో ఫూ క్వొక్ అనే ద్వీపం దీనికి పేరు మోసింది. మనకు ఉప్పు ఎలాగో వాళ్ళకు అది అలాగ. థాయ్‌వారి ఆకుపచ్చ కూర వున్నదే, కొబ్బరిపాలలో నిమ్మగడ్డీ దుంపరాష్ట్రమూ వేసి కాచేది, అందులోకి నూరే ముద్దలో కూడా సాధారణంగా రొయ్యల ముద్ద కలుస్తుంది. కోనసీమవాణ్ణి గనుక కొబ్బరిపాల వాసనకు అప్పటికే ఒక కన్ను అటు వేసి వున్నాను. ఆ ఆశా అడుగంటింది.

మరునాడు రెండున్నరకు, జనం పల్చబడ్డాక, నేనే వెళ్ళి ఆవిడతో సంగతి చెప్పాను. దెబ్బలాటకు కాదు, ఇకముందు ఏం తినవచ్చునో తెలుసుకుందామని. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, రెండు చేతులూ జోడించి, "మీరు చై తింటారా?" అన్నది.

నాకు "చాయ్" అని వినిపించింది. "తాగుతాను, పాలు ఎక్కువ వేసి" అన్నాను.

ఆవిడ విరగబడి నవ్వింది. చై అంటే వాళ్ళ భాషలో నీచు లేని తిండి అట! బౌద్ధులలో చాలామంది నెలకు రెండు రోజులు, చాంద్రమానం ప్రకారం మొదటి రోజున, పదిహేనో రోజున, అంటే ఇంచుమించు మన అమావాస్య మరునాడూ, పున్నమినాడూ, చేప గాని మాంసం గాని ముట్టరు. ఈవిడ ఆ నియమం తప్పదు. ఆ రెండు రోజులూ తనకోసం, వంటవాళ్ళకోసం, తెలిసిన పాతికమందికోసం, ముల్లంగి, కారట్, ఎండు పుట్టగొడుగులతో వేరే గిన్నెలో పులుసు కాస్తుంది. పట్టీలో వ్రాయదు. అడిగినవాళ్ళకు ఇస్తుంది. "వచ్చే బుధవారం పదిహేను. రండి" అన్నది. "తక్కిన రోజుల్లోనో?" అన్నాను. "నాకు పొయ్యిలు నాలుగే" అన్నది నిర్మొహమాటంగా. ఆ జవాబు నాకు నచ్చింది. వ్యాపారస్థుడు లేనిది వున్నదని చెప్పడం సులభం.

తరువాత ఆవిడ హఠాత్తుగా, "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?" అని అడిగింది. అమెరికాలో ఎవరూ అడగని ప్రశ్న. నేను తెల్లబోయి చూస్తే, "మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియడం లేదు" అన్నది. వాళ్ళ భాషలోనూ మనలాగే వావివరసలు కలిపితేగాని మాట సాగదు. పెద్దవాడైతే ఒక మాట, చిన్నవాడైతే ఒక మాట, తండ్రికన్న పెద్దవాడైతే మరొకటి. నేను 1954 అన్నాను. తాను 1962. "అయితే మీరు నాకు అన్" అన్నది. అన్ అంటే అన్న! ఈసారి నేను విరగబడి నవ్వాను. ఎందుకో చెప్పాక ఆవిడా నవ్వింది. ఆనాటినుంచి ఆ సొరంగంలో నన్ను అన్నా అని పిలిచే మనిషి ఒకరు ఏర్పడ్డారు.

"1954 మా యింట్లో మరిచిపోని సంవత్సరం" అన్నది మళ్ళీ. ఆ యేడు మే నెలలో దీన్ బీన్ ఫూ దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. జూలైలో జెనీవాలో కూర్చుని వియత్నాంను ఉత్తరం, దక్షిణం అని రెండు చేశారు. ఉత్తరంనుంచి పది లక్షలమంది దాకా మూటాముల్లె కట్టుకుని దక్షిణానికి దిగివచ్చారు. వాళ్ళల్లో ఈవిడ తల్లిదండ్రులున్నారు. అదే సంవత్సరం మా గోదావరి ఒడ్డున యానాంలో ఫ్రెంచి జెండా దిగింది. ఆ ముచ్చట నా చిన్నతనంలో మా పెద్దలు కథలుగా చెప్పుకునేవారు. ఒకే దొరలు రెండు చోట్లా ఒకే యేడు మూట కట్టారన్నమాట. మా యానాంలో పోయింది జెండా, వాళ్ళకు పోయింది ఊరు.

ఈవిడ తండ్రిది నామ్ దిన్. "ఫో" అనే పులుసు పుట్టినిల్లు ఆ ప్రాంతమేనని చెబుతారు. "ఫో" అంటే మన చెవికి ఛీకొట్టినట్టు వుంటుంది గాని, వాళ్ళకు అది అన్నపూర్ణ. ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో, ఫ్రెంచివాళ్ళు వచ్చి ఎద్దు మాంసం వాడుక పెరిగాక, ఆ ఎముకలను గంటలకొద్దీ కాచి, అందులో బియ్యపు సేమియా వేసి అమ్మడం మొదలైంది. పేరు ఎక్కడినుంచి వచ్చిందన్నదానిమీద, ఫ్రెంచి మాటా చీనా మాటా అని, పండితులు ఈనాటికీ తగువులాడుకుంటున్నారు. తండ్రి కావడి మీద అమ్మేవాడట. ఒక కొసన పొయ్యీ పులుసు గిన్నే, రెండో కొసన గిన్నెలూ సేమియా. కావడి అన్న మాటకు ఆవిడ భుజంమీద చెయ్యి పెట్టి చూపించింది గాని, నాకు అక్కరలేకపోయింది. మా చిన్నతనంలో పాలూ, గోదావరి నీళ్ళూ అలాగే వచ్చేవి.

తండ్రి సైగాను చేరాక ఫో వేషం మారింది. ఉత్తరాన పులుసు తేటగా, కలపకుండా తాగుతారు. దక్షిణాదివాళ్ళకు అది చప్పన. పెసల మొలకలు, నిమ్మచెక్క, పచ్చిమిరప, పచ్చి ఆకులు పక్కన పళ్ళెంలో పెట్టనిదే గిన్నె ముట్టలేదు. ఆ ఆకుల్లో ఒకటి మన సబ్జాగింజలిచ్చే మొక్క జాతిదే. ముసలాయన మొదట్లో విసుక్కునేవాడట, నా పులుసును గడ్డి వేసి పాడుచేస్తున్నారని. బేరం పోతుంటే తానే ఆకులు కడగడం నేర్చుకున్నాడు.

అనుకున్న బుధవారం వచ్చింది. చై గిన్నె నా ముందు పెట్టింది. అల్లం, ఉల్లి నిప్పులమీద నల్లగా కాల్చి వేస్తారు. దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు. ఎముకలు లేకపోయినా తక్కిన లక్షణమంతా వుంది. పెద్ద పండుగనాడు వంటింటి గుమ్మంలో నిలబడితే వచ్చే వాసన. చాలా తేలిక. వంట ఏమీ చెయ్యనట్టు కనిపించి, తిన్న రెండు గంటలకు కూడా నోట్లో నిలిచి వుంటుంది. మొదట పులుసు ఒక్కటే రెండు చెంచాలు తాగి, అప్పుడు ఆకులు తుంచి వెయ్యమని నేర్పింది. అన్నీ ఒక్కసారి గుమ్మరించే వాళ్ళను చూస్తే తన తండ్రి గుర్తుకొస్తాడట.

తక్కిన రోజులకు నేను ఒక ఉపాయం కనిపెట్టాను. తడిపిన బియ్యపు రేకులో ఆకులు, సన్న సేమియా, సోయా గింజల జున్ను చుట్టి ఇస్తారు. ఆ రేకు ఏమిటనుకున్నారు? ఆత్రేయపురం పూతరేకుకు అక్కచెల్లెలు! మనవాళ్ళు బియ్యపు పిండిని బోర్లించిన కుండమీద పూసి తీస్తారు. వాళ్ళు మరిగే నీళ్ళ గిన్నెకు గుడ్డ కట్టి, దానిమీద పూసి, ఆవిరిలో ఉడికించి, తడకలమీద ఎండబెడతారు. మనం బెల్లమూ నెయ్యీ చుట్టుకున్నాం, వాళ్ళు పుదీనా చుట్టుకున్నారు. నంజుకోవడానికి వేరుసెనగ ముద్ద. అందులో చేప లేదని మూడుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.

అన్నట్టు, కుడిపక్క పట్టీలో ఒక వంటకం చూసి ఉలిక్కిపడ్డాను. థాయ్‌వాళ్ళు కోడిమాంసంలో ఘాటైన ఒక ఆకు వేసి వేయిస్తారు. ఆ ఆకు పచ్చిది తెచ్చి చూపించమంటే చూపించారు. వాసన చూద్దును గదా, మన తులసి! కోటలో పెట్టి దీపం చూపించే తులసే. ఈ సంగతి మా ఆవిడకు ఉత్తరంలో వ్రాయలేదు.

ఇంతకూ వియత్నాం ఆవిడ థాయ్ వంట ఎందుకు పెట్టింది? రెండు పేర్లూ ఒక బోర్డుమీద పక్కపక్కన చూస్తే అవి కవలపిల్లలేమో అనుకుంటాం. కానే కాదు. ఆవిడ బయటికి వచ్చిన 1979లో ఆ రెండు దేశాలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అంతకు కొద్ది నెలల ముందే వియత్నాం సేనలు కంబోడియాలో అడుగుపెట్టి, థాయిలాండు సరిహద్దు దాకా వచ్చి కూర్చున్నవి.

1975 ఏప్రిల్ 30న సైగాను పడిపోయింది. ఆ తరువాత ఇరవై యేళ్ళలో పడవలెక్కి పారిపోయి ఏదో ఒక దేశం ఒడ్డు చేరినవాళ్ళు దాదాపు 8 లక్షలు. చేరనివాళ్ళ లెక్క ఎవరిదగ్గరా లేదు. ఈవిడ పదిహేడో యేట అన్నగారితో పడవెక్కింది. ఆ ప్రయాణం గురించి ఆవిడ నాకు చెప్పినది తక్కువ, అదీ గిన్నెలు తుడుస్తూ, ముక్కలు ముక్కలుగా. అయిదో రోజున నీళ్ళు అయిపోయినవి. దొంగలు రెండుసార్లు పడవ ఎక్కారు. అంతే చెప్పింది. నేను అడగలేదు. థాయిలాండు దక్షిణాన సోంగ్‌ఖ్లా అనే చోట సముద్రపు ఒడ్డున కాందిశీకుల శిబిరం. అక్కడ పది నెలలు. కంచె అవతల థాయ్ ఆడవాళ్ళు వంటకాలు తెచ్చి అమ్మేవారు. అన్నగారి గడియారం అమ్మిన డబ్బుతో మొదటిసారి కడుపు నిండా తిన్నది, ఒక ముసలమ్మ పెనంమీద వేయించి ఇచ్చిన చింతపండు సేమియా.

"అది తినేటప్పుడు నాకు ఆ దేశంమీద కోపం కొంచెం తగ్గింది" అన్నది.

ఇది ఒక కారణం. రెండోదాన్ని ఆవిడ ఇంకా తేలికగా చెప్పింది. 1996లో దుకాణం తెరిచినప్పుడు, ఆఫీసు జనానికి ఫో అంటే ఏమిటో తెలియదు. పాడ్ థాయ్ తెలుసు. అందుకని థాయ్ పేరు పెట్టి పిలిచింది, వచ్చినవాళ్ళకు ఫో రుచి చూపించింది. రెండింటికీ కావలసిన సరుకులు ఇంచుమించు ఒకటే: బియ్యపు సేమియా, చేపల నీళ్ళు, నిమ్మకాయ, కొత్తిమీర, వెల్లుల్లి, మిరప. నాలుగు పొయ్యిల వంటింట్లో రెండు దేశాలు ఇమడగలవు. థాయ్‌వారి వంటకు ఇంత పేరు రావడం కూడా దానంతట అది జరిగినది కాదు. పాడ్ థాయ్‌ను ఊరూరా తినిపించినవాడు 1938లో ప్రధాని అయిన ఫిబూన్ సోంగ్‌ఖ్రామ్ అనే సేనాని. సయాం పేరు మార్చి థాయిలాండు అని పెట్టింది కూడా 1939లో ఆయన ప్రభుత్వమే. సేమియా చీనావాళ్ళది, పేరు మాత్రం థాయ్! ఆ తరువాత 2002లో అక్కడి ప్రభుత్వం పరదేశాలలో థాయ్ హోటళ్ళు పెంచడానికి ఒక పథకమే పెట్టింది. వియత్నాం ఫోకు అటువంటి అండ ఎవరూ ఇవ్వలేదు. పడవల్లో వచ్చినవాళ్ళే దాన్ని మోశారు.

ప్రతి బల్లమీదా ఒక సీసా వుంటుంది. ఎర్రటి మిరప పచ్చడి, ఆకుపచ్చ మూత, మీద కోడిపుంజు బొమ్మ. అమెరికాలో దాన్ని ఎరగని ఇల్లు అరుదు. దాని పేరు శ్రీరాచ, అది థాయిలాండులో ఒక ఊరు. చేసినవాడు డేవిడ్ ట్రాన్, వియత్నాంనుంచి వచ్చిన చీనా సంతతి కాందిశీకుడు. తనను మోసుకొచ్చిన ఓడ పేరే కంపెనీకి పెట్టుకుని 1980లో లాస్ ఏంజెల్స్‌లో మొదలుపెట్టాడు. కోడిపుంజు ఎందుకంటే ఆయన పుట్టింది వాళ్ళ లెక్కలో కోడి సంవత్సరంలో. వియత్నాం-థాయ్ అన్న మాటకు అర్థం తెలియాలంటే ఆ సీసా చూస్తే చాలు.

హ్యూస్టన్‌లో ఇప్పుడు వియత్నాంవాళ్ళు జాస్తి. ఊరి మధ్య కొన్ని వీధుల్లో పేర్లు కూడా వాళ్ళ భాషలో వ్రాసి వుంటవి. మొదట్లో అంత ఆదరణ లేదు. ఈవిడ భర్త గాల్వెస్టన్ అఖాతంలో రొయ్యల పడవమీద పనిచేసేవాడు. 1981లో కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు ముసుగులు వేసుకుని, తుపాకులు పట్టుకుని, ఈ జాలరులను బెదిరించారు. జాలరులు కోర్టుకెక్కారు. గేబ్రియల్ మెక్‌డొనాల్డ్ అనే నల్లజాతి మహిళా జడ్జి ఆ యేడు మే నెలలోనే వాళ్ళ పక్షాన ఉత్తరువు ఇచ్చింది. అయినా భర్త మరి సముద్రంమీదికి పోలేదట. "భయపడి కాదు, నేను పోనివ్వలేదు" అన్నది. ఇద్దరూ పదిహేనేళ్ళు ఎవరెవరి వంటిళ్ళలోనో పనిచేసి కూడబెట్టి ఈ దుకాణం పెట్టారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఎముకల పులుసు ఇక్కడ కాగదు. రాత్రిళ్ళు సొరంగం మూసేస్తారు. బెల్లెయిర్ రోడ్డులో మేనల్లుడి హోటలుంది. అక్కడ రాత్రంతా సన్న సెగమీద కాగిన పులుసును తెల్లవారకముందే వ్యానులో తెచ్చుకుంటుంది. ముప్పై యేళ్ళుగా ఇదే పని.

కాని ఈ ముప్పై యేళ్ళలో రానిది 2020లో వచ్చింది. మహమ్మారికి ఆఫీసులు మూతపడ్డవి. సొరంగం జనం లేక చచ్చిపోయింది. తిరిగి తెరిచాక కూడా జనం వారానికి మూడు రోజులే వస్తున్నారు. సోమవారం, శుక్రవారం వరుస మలుపు దాకా పోదు. నేను ఒక శుక్రవారం పని కల్పించుకుని వెళ్ళి చూశాను. పన్నెండున్నరకు మూడు బల్లలు ఖాళీగా వున్నవి. వంటవాళ్ళు చేతులు కట్టుకు నిలబడ్డారు. అద్దెకు మాత్రం అయిదు రోజులూ సమానమే. పక్క దుకాణం ముందు యేడాదిగా ఇనుప తెర దిగి వుంది. ఎదుట రెండు దుకాణాలదీ అదే స్థితి.

ధర పెంచరాదా అని అడిగాను. వ్యాపారం తెలియని ప్రతివాడూ ఇచ్చే సలహా అదే కాబోలు. ఆవిడ చూపుతోనే వరుస చూపించింది. ప్లీడరు వున్నాడు, నిజమే, ఆయన ఇరవై డాలర్లయినా ఇస్తాడు. ఆయన వెనుక మేడ కాపలావాడు. ఆ వెనుక ఆఫీసులు తుడిచే ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు ఇంటినుంచి అన్నం డబ్బాలో తెచ్చుకుని, ఒట్టి పులుసు మూడు డాలర్లకు కొనుక్కుంటారు. పట్టీలో అదీ లేదు. "డాలరు పెంచితే వాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే సోమవారం ఎవరు వస్తారు?" అన్నది. ప్లీడర్లు సోమవారం ఇంట్లోనే పనిచేస్తారు. తుడిచేవాళ్ళకు ఆ వీలు లేదు.

ఇద్దరు కొడుకులూ చదువుకుని ఆఫీసుల్లో వున్నారు. పెద్దవాడి ఆఫీసు ఈ మేడల్లోనే ఒకదానిలో. వాడు కూడా వారానికి మూడు రోజులే వస్తాడు! ఆ మాట చెబుతూ ఆవిడ నవ్విందిగాని, మా అమ్మాయి నవ్వలేదు. ఆ రాత్రి కారులో, "నేనూ సోమవారం రావచ్చు నాన్నా, రాకూడదని ఏమీ లేదు" అన్నది. తరువాతి సోమవారం వెళ్ళాము కూడా. ఆ పై సోమవారం ఇంటినుంచే ఏదో అర్జంటు పని తగిలింది.

అద్దె ఒప్పందం గడువు ఆ నెలాఖరుకు తీరుతుంది. మేడ యాజమాన్యం వాళ్ళు అయిదేళ్ళకు వ్రాయమంటున్నారు. అయిదేళ్ళంటే ఆవిడకు డెబ్బై దగ్గరపడుతుంది. వ్రాయకపోతే ఖాళీ చెయ్యాలి. వంటవాళ్ళు ముగ్గురు, ఒకామె మొదటిరోజునుంచీ వుంది. రోజూ వెళ్ళినప్పుడల్లా నేను మొహం చూసి కనిపెట్టడానికి ప్రయత్నించేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు. నంబరు చీటీ చింపే చెయ్యి ఆగేది కాదు.

నేను తిరుగు ప్రయాణం కట్టే వారం, గురువారం నాడు, ఆఖరిసారి వెళ్ళాము. పున్నమి కాదు, పాడ్యమి కాదు. అయినా చీటీ ఇవ్వకుండానే నా ముందుకు చై గిన్నె వచ్చింది. నాలుగు పొయ్యిలలో ఒకటి నాకోసం పొద్దుటినుంచీ ఆపి వుంచిందన్నమాట. అదీ గురువారం నాడు, వరుస మలుపు తిరిగే రోజున! డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మాయి బలవంతాన డబ్బాలో వేసింది.

"సంతకం పెట్టారా అమ్మా?" అని అడిగాను.

"పెట్టాను అన్నా. అయిదేళ్ళకు కాదు. ఒక్క యేడాదికి. అద్దె ఎక్కువ చేసి ఒప్పుకున్నారు" అన్నది. ఇంకా ఏదో చెప్పబోయింది. వరుసలో ముందున్నవాడు డబ్బు చాపాడు. ఆవిడ అటు తిరిగి చీటీ చింపి, వెనక్కి చూడకుండా కేక వేసింది.

నేను మొదట రెండు చెంచాలు ఒట్టి పులుసు తాగి, తరువాత ఆకులు తుంచి వేసుకున్నాను. అమ్మాయి గడియారం చూసుకోలేదు. మా వెనుక గిన్నె చేత్తో పట్టుకుని ఒక కుర్రవాడు చోటుకోసం నిలబడి వున్నాడు. ఇద్దరం లేచి బల్ల ఖాళీ చేశాము.